మత్తడి మీద రెండు వరుసల బండలు

మా అశోక్‌నగర్ గల్లీలో రీడింగ్ రూమ్ నడిపే అన్న ఒకాయన ఉన్నాడు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు కుర్చీ, ఫ్యాను, చల్లని నీళ్లు ఇస్తాడు. వాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేస్తున్నాడట. "సార్, మీరు ఇంజినీరుగ చేసిన్రు గద. మీ సర్వీసుల గర్వపడే ముచ్చట ఒకటి రాసియ్యుండ్రి. చదివేటోళ్లకు జర జోష్ వస్తది" అన్నాడు. సరేనన్నాను. నాలుగు రోజులు కూర్చుని వెతికాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో గర్వపడే సంగతులు దొరక్కపోలేదు. కానీ ఏది రాయబోయినా ఈ సంగతి వచ్చి దాని ముందు అడ్డంగా కూర్చుంటోంది. అందుకని ఇదే రాస్తున్నాను. జోష్ వస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

మీరు నాకు తెలుసు. పొద్దున్నే మా గేటు ముందు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి, ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకుంటూ ఉంటారు. ఇంజినీరింగ్ పేపరు రాసేవాళ్లు అప్పుడప్పుడు నన్నూ అడుగుతారు. మొన్న ఒకమ్మాయి "అంకుల్, ఎఫ్‌టీఎల్ అంటే ఏంది, సింపుల్‌గా చెప్పున్రి" అంది. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీతమ్మా, ఆ గీత లోపల ఎవరూ ఇల్లు కట్టకూడదు, గీత బయట కూడా కొంత జాగా వదలాలి అని చెప్పాను. ఆమె రాసుకుంది. జవాబు సరైనదే, మార్కులు వస్తాయి. ఆ గీత గీయడమే నా ఉద్యోగం.

మా ఆఫీసు నారాయణగూడ వైపు ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తులో ఉండేది. ఊరి చుట్టుపక్కల చెరువులు, కుంటల హద్దులు తేల్చడం మా పని. ఎవరైనా కుంట పక్కన ఇళ్లు కట్టాలంటే, ఆ భూమి నీటి గీతకు బయట ఉందని మా దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. కొలిచేది నేను, మొదటి సంతకం నాది. నా మీద ఈఈ గారు, అంటే ఆఫీసు పెద్ద. నెమ్మదైన మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు. తిట్టాల్సి వస్తే చాయ్ తెప్పించేవాడు, మేం అర్థం చేసుకునేవాళ్లం.

ఇంకొకరు మా టైపిస్టు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్లయినా ఆమెను టైపిస్టు గారనే పిలిచేవాళ్లం. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. ఎవరు ఏ కాగితం రాసినా ఆమె చేతి మీదుగానే పోవాలి. ప్రతిదీ రెండు ప్రింట్లు తీసేది. ఒకటి సంతకానికి, ఒకటి ఆఫీసు కాపీగా తన బీరువాలోకి. సంతకం కాకుండా ఆగిపోయిన కాగితాల కాపీలు కూడా పారేసేది కాదు. "ఎప్పుడు ఏది అక్కరొస్తదో ఏమెర్క సార్" అనేది. మేం నవ్వేవాళ్లం.

ఆమె చిక్కడపల్లిలో కిరాయికి ఉండేది. భర్త బస్సు డ్రైవరు. నడుములో పూస జారి ఉద్యోగం వదిలేశాడు, కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే గొప్ప. పెళ్లయినప్పటి నుంచి చిక్కడపల్లి, గాంధీనగర్, నల్లకుంటల మధ్యే పదకొండు ఇళ్లు మారారట. ఒక ఇంటాయన మోటారు వేసే టైము చెప్పేవాడట. ఇంకో ఇంటామె చుట్టాలొస్తే లెక్కపెట్టేదట. ఆమె ఇవన్నీ నవ్వుతూనే చెప్పేది. ఒక్క మాట మాత్రం నవ్వకుండా అనేది. "పెద్ద ఇల్లు వద్దు సార్. గోడకు మేకు కొట్టుకోవాలె, ఎవ్వర్ని అడగకుంట. గంతే."

ఇక కుంట సంగతి. దాని పేరు రాయను. ఊరు పెరుగుతూ పోయి దాని గట్టుదాకా చేరింది. కుంటకు ఉత్తరాన చదునైన తడి నేల ఉండేది. అక్కడివాళ్లు దాన్ని జాలు అనేవాళ్లు. ఎండాకాలం బర్రెలు మేసేవి, వానాకాలం మోకాలు లోతు నీళ్లు. తుంగ ఒత్తుగా పెరిగేది. నీటికోళ్లు, కొంగలు, చలికాలంలో ఎక్కడెక్కడివో బాతులు. నీళ్ల అంచున పొన్నగంటి కూర. చూడ్డానికి దేనికీ పనికిరాని భూమిలా ఉంటుంది. మా ఆఫీసు కుర్రాళ్లే "వేస్ట్ ల్యాండ్ సార్" అనేవాళ్లు. వానను పట్టి ఉంచుకుని మెల్లగా వదిలే పని ఆ నేలే చేస్తుందని నాకు తెలుసు. చదువుకున్నాను కదా.

ఆ జాలు మీద ఇళ్ల సముదాయం కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. కొలతకు నన్ను వెళ్లమన్నారు.

కుంట నిండాక నీళ్లు పొర్లి పోవడానికి గట్టులో ఒక రాతి కట్టడం ఉంటుంది, మత్తడి అంటారు. మత్తడి పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే నీళ్లు అంత ఎత్తు నిలుస్తాయి. కాబట్టి ఆ అంచు మీద పరికరం పెట్టి మట్టం తీసుకుని, అదే మట్టం చుట్టూ ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుంటూ పోతే గీత వస్తుంది. ఇది పుస్తకం పద్ధతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా మొదటి పై అధికారి ఇంకోటి నేర్పాడు. ప్రతి కుంటకూ ఒక నీరటి ఉంటాడు. తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే మనిషి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని అది. "ముందు నీరటిని నడిపించు, నిండిన ఏడు నీళ్లెక్కడ నిలిచాయో అతని కాళ్లకు తెలుసు. ఆ తర్వాతే మిషను తియ్యి" అనేవాడాయన. పాతికేళ్లు నేను అలాగే చేశాను. నీరటి లేకపోతే తిరిగొచ్చి ఇంకో రోజు వెళ్లేవాణ్ణి.

ఆ రోజు మే నెల ఎండ. నీరటి లేడు. చుట్టాల ఊళ్లో పదకొండో రోజు దినానికి పోయాడు, మర్నాడు పొద్దున్నే వస్తాడన్నారు. మా ఆఫీసు జీపు ఆ ఒక్కరోజే దొరికింది. పోనీ జీపు మీదకు నెట్టడం ఎందుకు, అసలు సంగతి చెప్తాను. ఆ సాయంత్రం ఆరింటికి చిక్కడపల్లి సభాహాల్లో మా ఆవిడ పాడుతోంది. ఒంటరిగా కాదు, పదకొండు మంది ఆడవాళ్ల బృందంలో. నేను రాకపోతే ఇంట్లో వారం రోజులు పాట ఉండదు, మాటా ఉండదు. నేరుగా మత్తడి దగ్గరికి పోయి పరికరం బిగించాను. మత్తడి అంచు నున్నగా, కొత్తగా సిమెంటు పూసి ఉంది. ఎవరో బాగుచేయించారు, మంచిదే అనుకున్నాను. ఒక్క రోజులో చుట్టూ తిరిగి పూర్తి చేశాను. ఆరింటికి పది నిమిషాల ముందే హాల్లో మూడో వరుసలో ఉన్నాను. ఆ పదకొండు గొంతుల్లో మా ఆవిడది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

గీత ప్రకారం జాలు మొత్తం బయటే పడింది. కొంచెం ఆశ్చర్యం వేసింది. తుంగ మొలిచే చోటికి నీళ్లు రాకపోవడమేంటి అని ఒక్క క్షణం అనిపించింది. పరికరం అబద్ధం చెప్పదు కదా అని సర్దుకున్నాను. సర్టిఫికెట్ రాసిచ్చాను. టైపిస్టు గారు రెండు ప్రింట్లు తీశారు. సంతకం పెట్టాను.

శ్రావణంలో ఒకరోజు ఆమె నా టేబుల్ మీద లడ్డూల డబ్బా పెట్టింది.

"ఇల్లు తీసుకుంటున్నం సార్. గదే, మన కాయితం పోయినది గద, ఆడనే. కింది ఇల్లు. ఆయనకు మెట్ల బాధ ఉండది."

"అంత దూరమా అమ్మా?"

"దూరమైతే ఏంది సార్, బస్సున్నది. శాన జాగలు చూసినం. ఏ కాయితం నమ్మాల్నో ఏది నమ్మొద్దో తెల్వక పరేషాన్ అయితుంటిమి. ఇది నా చేతితోని కొట్టిన కాయితం, మీరు దస్తఖత్ పెట్టిన కాయితం. మీ దస్తఖత్ చూసినంకనే ధైర్యం చేసిన."

నాకు సంతోషం కలిగింది, అబద్ధం ఎందుకు. ముప్పై ఏళ్లు పని చేస్తే ఒక మనిషి నా సంతకాన్ని నమ్మి ఇల్లు కొనుక్కుంది కదా అనుకున్నాను. రెండు లడ్డూలు తిన్నాను.

ఆ తర్వాత నెలకు హద్దు రాళ్లు పాతడానికి వెళ్లాను. ఈసారి నీరటి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, మోకాళ్లదాకా పంచె. నేను చూపించిన చోట రాయి పాతుతుంటే నిలబడి చూశాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

"సారూ, జర తప్పయితుందేమో. నీళ్లు ఈడ ఆగయి. గా తుమ్మచెట్టు దాటి పోతయి."

"మత్తడి మట్టం తీసుకునే పెట్టామయ్యా."

"ఏ మత్తడి? ఇప్పుడున్నదా?" అని నా మొహం చూశాడు. "దాని మీద ఇంక రెండు వరుసల బండలుండె సారూ. పోయిన ఎండాకాలం ఎవరో జేసీబీ తెచ్చి ఊడదీసిన్రు. మీద సిమెంటు పూసిన్రు. నేను అడిగితే రిపేరు అన్నరు."

అతను నన్ను తన ఇంటికి తీసుకుపోయాడు. గట్టు కిందే రెండు గదుల ఇల్లు. ముందర ఒక నల్లటి బండ, దాని మీద అతని భార్య బట్టలు ఉతుకుతోంది. "గీ బండ దాన్నుంచి పడ్డదే. ఇంటిది బట్టలకు బాగుంటదంటె మోసుకొచ్చిన" అన్నాడు. బండకు రెండు వైపులా పాత సున్నం అంటుకునే ఉంది. జేబులోంచి టేపు తీసి మందం కొలిచాను. రెండు వరుసలంటే ఇంచుమించు ఒక మూర. మూరెడు ఎత్తు మీకు చిన్నదిగా అనిపించవచ్చు. బల్లపరుపు నేల మీద మూరెడు ఎత్తు పెరిగితే నీళ్లు ఎక్కడిదాకా పాకుతాయో లెక్క వేయడం మీకు వచ్చు. జాలు మొత్తం, తుమ్మచెట్టుతో సహా, నీళ్ల కిందికి వస్తుంది.

అతని భార్య నన్ను గుర్తుపట్టింది. "మీరు చిక్కడపల్లి మార్కెట్ కాడికి వస్తరు గద సార్, అమ్మతోని. పొన్నగంటి కూర నా తాననే తీసుకుంటది అమ్మ." నిజమే. మొదటి బస్సుకు వచ్చి మార్కెట్ మూల గోనెపట్టా మీద కూర్చునేది. ఆ కూర ఈ జాలు నుంచే వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. కొలత వేసిన రోజు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో ఉన్నది కూడా పొన్నగంటి పప్పే.

మర్నాడు ఆఫీసులో పొద్దున్నే కూర్చుని ఒక పేజీ రాశాను. మత్తడి ఎత్తు తగ్గించబడినదని, గమనించకుండా మట్టం తీసుకోవడం నా పొరపాటని, పాత ఎత్తు ప్రకారం మళ్లీ కొలవాలని, ఇచ్చిన సర్టిఫికెట్ ఆపాలని. ఇప్పటికీ అనుకుంటాను, నా సర్వీసులో నేను రాసిన మంచి పేజీ అదే. దాన్ని టైపిస్టు గారికి ఇచ్చాను. ఎవరికివ్వాలి మరి, ఆఫీసు పద్ధతి అదే. ఇవ్వబోతున్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

ఆమె టైపు చేసింది. మధ్యలో ఆగిపోయిన చప్పుడు నాకు వినబడింది. మళ్లీ మొదలైంది. అరగంట తర్వాత కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"సార్, ఇది పంపాల్నా?"

"పంపాలమ్మా. తప్పు నాది."

"పంపితే ఏమైతది?"

"సర్టిఫికెట్ రద్దవుతుంది. కట్టడం ఆగిపోతుంది."

"మరి మాది?"

నేను కాగితాన్ని నా వైపు జరుపుకున్నాను. ఆమె కాసేపు కాగితం వైపే చూసింది.

"నీళ్లు నిజంగ ఆడిదాంక వస్తయా సార్?"

"ఏటా రావు. పెద్ద వాన పడిన ఏడు వస్తాయి."

"గంత పెద్ద వాన ఎప్పుడు పడ్డది మల్ల?"

"ఇరవై ఏళ్ల కిందట అంటున్నాడు నీరటి."

"ఇరవై ఏండ్లు చాలు సార్ నాకు" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఆయనకు అరవై దగ్గరికొచ్చె. ఇంకో ఇల్లు ఎతికే ఓపిక లేదు. బ్యాంకోళ్లతోని దస్తఖత్‌లు అయిపోయినయి. మీరు పెద్దోళ్లు, మీకు తోచినట్టు చెయ్యున్రి." అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

కాగితం తీసుకుని ఈఈ గారి గదికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివాడు. చాయ్ తెప్పించాడు. నాకు అర్థమైంది.

"నేను వద్దంటలేను" అన్నాడు. "నువ్వు దస్తఖత్ పెట్టు, నేను పైకి పంపుత. ఇయ్యాలనే పంపుత. మొదటి కాయితం మీద గూడ నీ దస్తఖతే ఉన్నది, యాద్ పెట్టుకో. అప్పుడు పెట్టింది తప్పా, ఇప్పుడు పెట్టింది తప్పా అని అడుగుతరు. నీరటిని ఎందుకు అడగలేదని అడుగుతరు. జవాబు తయారుగ పెట్టుకో."

"ఏం చెప్పమంటారు సార్?"

"ఏమున్నదో గదే చెప్పు" అని చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు.

ఏముంది చెప్పడానికి? మా ఆవిడ పాట ఉందని చెప్పాలి. రిటైర్మెంటుకు నాలుగేళ్లుంది. సస్పెన్షన్ అన్న మాట ఆయన అనలేదు, నా తలలోనే తిరిగింది. బయటికి వచ్చి నా కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీశాను. లంచ్ దాకా కూర్చున్నాను. తర్వాత కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాను.

సినిమాల్లో అయితే ఎవరో వచ్చి బెదిరించాలి. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ లంచం ఇవ్వలేదు. ఈఈ గారు పంపుతానన్నారు. ఆమె నా ఇష్టమంది. నన్ను ఎవరూ ఆపలేదు. ఆమె కోసమే ఆగానని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. పాపం, ఆ మనిషికి గోడకు మేకు కొట్టుకునే భాగ్యం పోగొట్టడం దేనికి అని. ఎంత అందమైన అబద్ధమో చూడండి. ఆమె ఆ పూట సెలవులో ఉన్నా నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.

జాలు మీద మట్టి పోశారు. లారీలకు లారీలు. తుంగ పోయింది. మొదటి చలికాలం బాతులు వచ్చి పైన రెండు చుట్లు తిరిగి వెళ్లాయని నీరటి చెప్పాడు. రెండో చలికాలం రాలేదు. చిక్కడపల్లి మార్కెట్ మూల గోనెపట్టా కూడా కనబడడం మానేసింది. పొన్నగంటి కూర దొరకడం లేదేంటి అని మా ఆవిడ అడిగితే నేను పేపరు తిప్పుతూ కూర్చున్నాను.

గృహప్రవేశానికి వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదని. హాల్లో గోడ నిండా మేకులే. దేవుడి పటం, క్యాలెండరు, ఆయన డ్రైవరుగా ఉన్నప్పటి ఫోటో, ఏమీ తగిలించని మేకులు కూడా నాలుగైదు. "ఊకెనే కొట్టిన సార్" అని సిగ్గుపడింది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి, వచ్చినవాళ్లందరికీ "ఈ సార్ దయ" అని చూపించాడు. తినేటప్పుడు ఆమె వడ్డిస్తూ నెమ్మదిగా అంది. "కప్పలు బాగ మొత్తుకుంటున్నయి సార్. ఇంటి కిందనుంచే వినపడ్డట్టు అయితది." నేను ఇంకో గారె వెయ్యమన్నాను.

నేను రిటైరైన మరుసటి ఏడు ఆ వాన పడింది. ఆమె చాలన్న ఇరవై ఏళ్లు కాలేదు సరికదా, ఆ ఇంట్లో నిండా నాలుగేళ్లు కూడా ఉండలేదు. మత్తడి ఎత్తు తగ్గిస్తే నీళ్లు ముందే పొర్లి పోవాలి కదా అని మీలో తెలివైనవాళ్లు అడుగుతారు. పోతాయి, పోవడానికి దారి ఉంటే. మత్తడి కింది కాలువ మీద అప్పటికే ఇంకెవరో, ఇంకెవరి సంతకంతోనో ఇళ్లు కట్టేశారు. నీళ్లు వెనక్కి తిరిగి తమ పాత చోటికి వచ్చాయి. తుమ్మచెట్టు ఉన్న చోటు దాటి వెళ్లాయి.

మా అశోక్‌నగర్ పక్కన పారే నాలా నీళ్లు కూడా ఆ రోజు గల్లీలోకి వచ్చాయి. మా గేటు ముందు మోకాలు లోతు నీళ్లు చూస్తూ ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత తెలిసింది. తెల్లవారుజామున నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. ఒక్కత్తే లేపలేకపోయింది. పరుపు తడిసింది, తర్వాత నడుము తడిసింది. పై అంతస్తు వాళ్లు వచ్చి తలుపు ఊడబీకి, దాని మీద పడుకోబెట్టి మోసుకుపోయేదాకా ఆయన తల ఆమె చేతుల్లో పైకి పట్టుకుని నిలబడిందట. ఎంతసేపు అని నేను అడగలేదు.

వాళ్లు మళ్లీ చిక్కడపల్లికే వచ్చారు. పన్నెండో కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. కింద అంతస్తు అంటే ఆయన వణికిపోతున్నాడు. పైకి నలుగురు ఎత్తుకుపోయారు, మళ్లీ దిగడం ఆయన వల్ల కాదు. ఆ రోజు నుంచి ఆయన రోడ్డు మొహం చూడలేదు. లోపలి గదిలో పడుకుని గంటకోసారి "నల్లా బంద్ చేసినవా?" అని అడుగుతాడు. ఆ ఇల్లు కొనేవాడు లేడు, బ్యాంకు వాయిదాలు మాత్రం జీతంలోంచి పోతూనే ఉన్నాయి.

మొన్న ఉగాది ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. రెండు గల్లీల దూరమే అయినా అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. నేను సంతకం పెట్టని ఆ పేజీ. ఆఫీసు కాపీ.

"కుంటకు అవతలి దిక్కు రెండో ఫేజ్ కడుతరంట సార్. ఫైలు మన ఆఫీసుకు వచ్చింది, మొన్న నేనే ఎంట్రీ చేసిన. ఇప్పుడన్న దస్తఖత్ పెట్టియ్యున్రి."

"నా సంతకానికి ఇప్పుడు విలువ లేదమ్మా. రిటైరయ్యాను."

"ఉన్నప్పుడు మీరు పెట్టలే, నేను పెట్టనియ్యలే" అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సంతకం పెట్టాను. మర్నాడు నారాయణగూడ నడిచి వెళ్లాను. నా కుర్చీలో ఇప్పుడు ఒక యువకుడు ఉన్నాడు. మీలాంటివాడే. మా గల్లీలోనే మూడేళ్లు చదివాడట. లేచి నిలబడి కాళ్లకు దండం పెట్టబోయాడు, వద్దన్నాను. కాగితం శ్రద్ధగా చదివాడు. ఫైలు తెప్పించాడు, అందులో నా పాత కొలత చూపించాడు.

"సార్, మాకు రికార్డుల ఉన్నది మీ లెవెలే. రెండో ఫేజ్‌కు గూడ దాన్నే బేస్ తీసుకున్నం. ఇప్పుడు కాదనాలంటే ఆధారం కావాలె. ఏమన్న ఉన్నదా సార్, ఫోటో గాని, పాత మ్యాప్ గాని?"

"బండ ఉంది" అన్నాను. "నీరటి ఇంటి ముందు."

ఆటో పట్టుకుని వెళ్లాను. ఆ ఇల్లు లేదు. నీరటి పోయిన ఏడు కాలం చేశాడట, భార్య తన తమ్ముడి ఊరికి పోయిందట. ఇల్లున్న చోట ప్రహరీ గోడ లేచింది. పని చేస్తున్న మేస్త్రీని నల్లబండ సంగతి అడిగాను. "పాత బండలన్నీ పగలగొట్టి పునాదిల ఏసినం సార్" అన్నాడు. గోడ వెంట అటూ ఇటూ నడిచి చూసి వచ్చేశాను.

సాయంత్రం చిక్కడపల్లిలో ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను. హాల్లో క్యాలెండరు కిటికీ ఊచకు దారంతో కట్టి ఉంది. గోడలు ఖాళీగా ఉన్నాయి. లోపలి నుంచి ఆయన నల్లా సంగతి అడిగాడు, ఆమె "బంద్ చేసిన" అంది. నేను చెప్పింది మొత్తం వింది.

"అయితే అవతలి దిక్కు గూడ కొంటరు సార్" అంది. "నా అసోంటోళ్లే కొంటరు. మీ దస్తఖత్ చూసే కొంటరు."

మీలో ఎవరో ఒకరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆ ఫైలు మీ టేబుల్ మీదికి వస్తుంది, మూడో ఫేజ్ కోసమో, నాలుగో దాని కోసమో. అందులో నా కొలత ఉంటుంది, కింద నా సంతకం ఉంటుంది. నా చేతిరాత మంచిది, చక్కగా చదువుకోవచ్చు. దాన్ని నమ్మకండి.